ఆదా అయిన యూనిట్‌ని డిమాండ్ లెక్కలో ఎందుకు తీసేయరు?

కరెంటు చార్జీల మీద జరిగే బహిరంగ విచారణలకు అప్పుడప్పుడు వెళ్తుంటాను. ఆ మధ్య ఒకదానిలో పంపిణీ సంస్థ అధికారి ఒకాయన ఇంధన పొదుపు గురించి మాట్లాడారు. ఎల్‌ఈడీ బల్బుల పంపిణీ, బడుల్లో అవగాహన సదస్సులు, పాత మోటార్లు మార్చే పథకం, అన్నీ వరసగా స్లైడ్ల మీద చూపించి, వీటివల్ల ఇన్ని లక్షల యూనిట్లు ఆదా అవుతాయని ఒక అంకె ఇచ్చారు. కాసేపటికి ఇంకో పట్టిక వచ్చింది. రాబోయే అయిదేళ్ళలో డిమాండ్ ఎంత పెరుగుతుంది, దానికి ఎంత కరెంటు కొనాలి, ఎన్ని సబ్‌స్టేషన్లు కట్టాలి అని. నేను ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మొదటిదాంట్లో ఆదా అవుతాయన్న యూనిట్లు రెండోదాంట్లో ఎక్కడా తగ్గలేదు. లేచి అడిగితే, "అవి వస్తాయో రావో ఎవరు చెప్పగలరండీ, వాటిని నమ్ముకుని సబ్‌స్టేషన్ ఆపలేం కదా" అన్నారాయన. తప్పించుకోవడానికి అన్న మాట కాదది, ఉన్నదున్నట్టు చెప్పారు, అందుకే అది నన్ను ఇన్నాళ్ళూ వదల్లేదు.

ఆయన మాటని కొంచెం విప్పి చూస్తే తేలేదేమిటంటే, పొదుపు కార్యక్రమం మీద డబ్బు ఖర్చవుతోంది కానీ దాని ఫలితాన్ని సంస్థే నమ్మడం లేదు. నమ్మకం లేదు కాబట్టి ఆ కరెంటు ఎలాగూ కొంటారు, ఆ సబ్‌స్టేషన్ ఎలాగూ కడతారు. అంటే జనం ఒకే అవసరానికి రెండుసార్లు చెల్లిస్తున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విద్యుత్ సంస్థలు పొదుపుని ఒక విద్యుత్ కేంద్రాన్ని చూసినట్టే చూడాలి. దానికింత ఖర్చని రాయాలి, అది ఇచ్చిందెంతో మీటర్ మీద కొలవాలి, అంతమేరకు డిమాండ్ అంచనా తగ్గించాలి, సంస్థకు దాని మీద సంపాదించుకునే వీలు కల్పించాలి. వీటిలో ఏ ఒక్కటి వదిలేసినా మిగిలేది ప్రచారమే.

ఎంత ఆదా చేయొచ్చు?

ఈ రంగంలో ప్రతి కొన్నేళ్ళకూ ఒక 'పొటెన్షియల్' నివేదిక వస్తుంది. వాటిలో మూడు అంకెలుంటాయి. ఇవాళ దొరికే అత్యుత్తమ పరికరాన్ని అందరూ పెట్టుకుంటే ఎంత మిగులుతుందన్నది మొదటిది. అందులో ఖర్చుకి తగ్గ ఫలితం ఇచ్చేవి మాత్రమే లెక్కేస్తే ఎంతన్నది రెండోది. మనుషులు నిజంగా ఎంత చేస్తారన్నది మూడోది. నేను చదివిన నివేదికలన్నిట్లోనూ మొదటి రెండింటికీ పేజీలకు పేజీలు కేటాయించి, మూడోదాన్ని ఇంత శాతం మంది చేరతారనుకుందాం అని ఒక ఊహతో ముగించేశారు. అసలు కథంతా ఆ రెండో అంకెకీ మూడో అంకెకీ మధ్యే ఉంది.

ఒక సీలింగ్ ఫ్యాన్ తీసుకోండి. మామూలు ఫ్యాన్ సుమారు 75 వాట్లు తాగుతుంది. బీఎల్‌డీసీ అనే కొత్తరకం, బ్రష్‌లు లేని మోటార్ ఉన్నది దాదాపు అదే గాలిని 30 వాట్ల చిల్లరతో ఇస్తుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకి పన్నెండు గంటలు తిరిగే ఇంట్లో నెలకి 65 యూనిట్ల దాకా తేడా. కాగితం మీద ఇంత తేలికైన నిర్ణయం ఇంకోటి ఉండదు. మరి ఎందుకు మార్చరు? అద్దె ఇల్లయితే ఫ్యాన్ కొనేది ఇంటాయన, బిల్లు కట్టేది అద్దెకున్నాయన. కొత్త ఫ్లాట్ అయితే కొనేది బిల్డర్, అతనికి చవగ్గా వస్తే చాలు. సొంత ఇల్లే అయినా తిరుగుతున్న ఫ్యాన్‌ని ఎవరూ దించరు, అది కాలిపోయేది మంచి ఎండల్లో, అప్పుడు సాయంత్రంలోగా ఏదో ఒకటి బిగించాలి, షాపులో ఏది ఉంటే అదే ఇంటికొస్తుంది. ఫ్యాక్టరీల్లో మోటార్లదీ ఇదే తీరు. రోజంతా ఆడే మోటార్ కొన్నదానికి అయిన ఖర్చుని కొన్ని నెలల కరెంటు బిల్లే దాటేస్తుంది, అయినా కాలిపోయినప్పుడు రీవైండింగ్‌కే పంపుతారు, ఎందుకంటే ఉత్పత్తి ఆగిపోయి ఉంటుంది, రేపటికల్లా మోటార్ వెనక్కి రావాలి. సరిగా చేయని రీవైండింగ్‌తో ఆ మోటార్ ఇంకాస్త ఎక్కువ కరెంటు తాగుతుందని వాళ్ళకి తెలియక కాదు.

ఇవన్నీ జనం అజ్ఞానమని నేను అనుకోను. ఎవరి స్థానంలో వాళ్ళు సబబైన పనే చేస్తున్నారు. అందుకే అవగాహన సదస్సులతో ఈ ఖాళీ పూడదు. ఆర్థికవేత్తలు కొందరు ఇంకో మాట అంటారు: అంత లాభమే ఉంటే జనం ఎప్పుడో చేసేవాళ్ళు, చేయలేదంటే మీ లెక్కలోకి రాని ఖర్చులేవో ఉన్నట్టు. ఆ రోజు పనికి సెలవు పెట్టి ఎలక్ట్రీషియన్ కోసం ఎదురుచూడటం కూడా ఖర్చే. ఈ వాదనలో నిజం ఉంది. కానీ దాన్ని చివరిదాకా ఒప్పుకోవాలంటే ఫ్రిజ్‌ల చరిత్ర అడ్డొస్తుంది. 1970ల్లో అమెరికాలో సగటు కొత్త ఫ్రిజ్ ఏడాదికి 1,800 యూనిట్ల వరకూ కాల్చేది. ముందు కాలిఫోర్నియా, తర్వాత ఫెడరల్ ప్రభుత్వం ఫ్రిజ్‌లకు కనీస సామర్థ్య ప్రమాణాలు పెట్టి, వాటిని విడతల వారీగా బిగిస్తూ పోతే, కొత్త శతాబ్దం మొదటికల్లా అది 500 దగ్గరికి దిగింది. ఫ్రిజ్‌లు పెద్దవయ్యాయి, ధర తగ్గింది, ఎవరూ ఏదీ కోల్పోలేదు. అంటే ఆ మిగులు అక్కడ ఉంది, కానీ కొనేవాళ్ళు ఒక్కొక్కరుగా వెళ్ళి దాన్ని అందుకోలేకపోయారు.

అమ్మకం తగ్గితే నష్టపోయే సంస్థకి పొదుపు అప్పగించడం

ఇప్పుడు సంస్థ వైపు నుంచి చూద్దాం. ఒక పంపిణీ సంస్థ యూనిట్ రూపాయి చొప్పున వంద యూనిట్లు అమ్మిందనుకోండి. వచ్చిన వందలో 40 కరెంటు కొనడానికి, 52 తీగలకీ ట్రాన్స్‌ఫార్మర్లకీ జీతాలకీ వడ్డీలకీ, 8 లాభం. జనం అయిదు యూనిట్లు ఆదా చేశారు. రాబడి 95కి పడింది, కొనుగోలు ఖర్చు 38కి తగ్గింది, కానీ ఆ 52 అలాగే ఉంది, స్తంభాలూ తీగలూ ఎక్కడికీ పోవు కదా. లాభం 5. అయిదు శాతం పొదుపుకి సంస్థ లాభంలో మూడో వంతుకి పైగా ఎగిరిపోయింది. ఇలాంటి సంస్థని పిలిచి నువ్వే ఊరందరిచేతా పొదుపు చేయించు అంటే, అది కాదనదు. రెండు స్లైడ్లు చేస్తుంది, కొన్ని బల్బులు పంచుతుంది, అంతకు మించి ఒక్క అడుగు వేయదు. వాళ్ళ స్థానంలో నేనున్నా వేయను.

దీనికి మందుగా వచ్చిందే డీకప్లింగ్. సంస్థకి న్యాయంగా రావాల్సిన రాబడి ఎంతో, కరెంటు చార్జీలు నిర్ణయించే నియంత్రణ మండలి ముందే తేల్చేస్తుంది. అమ్మకాలు తగ్గి రాబడి తక్కువ పడితే తర్వాతి ఏడాది టారిఫ్‌లో ఆ తేడా కలుపుతారు, అమ్మకాలు పెరిగి ఎక్కువ వస్తే జనానికి తిరిగిస్తారు. కాలిఫోర్నియా విద్యుత్ సంస్థలకి 1982 నుంచే ఇది పెట్టింది, మధ్యలో విద్యుత్ మార్కెట్ల సంస్కరణల పేరుతో పక్కన పెట్టి, 2000-01 విద్యుత్ సంక్షోభం తర్వాత మళ్ళీ తెచ్చుకుంది. అక్కడ తలసరి కరెంటు వాడకం 1970ల మధ్య నుంచి దశాబ్దాల పాటు పెద్దగా పెరగలేదన్నది ఈ రంగంలో అందరూ చూపించే గ్రాఫ్. ఆ గ్రాఫ్‌ని నేను జాగ్రత్తగానే వాడతాను. అక్కడి తీరప్రాంతపు చల్లదనం, భారీ పరిశ్రమలు తక్కువగా ఉండటం, కుటుంబాల పరిమాణం, ఇవన్నీ ఆ గీతని కొంత కిందికి లాగాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి. మొత్తం ఘనత విధానానిదే అనడం సరికాదు. కానీ అక్కడి సంస్థలు పొదుపుకి అడ్డుపడటం మానేశాయన్నది మాత్రం నిజం, నాకు కావలసింది అంతే.

డీకప్లింగ్ మీద నన్ను ఇబ్బంది పెట్టే అభ్యంతరం వేరే ఉంది. పైన చెప్పిన లెక్కలో సంస్థకి 98 వసూలు చేసుకోనిస్తే దాని ఎనిమిదీ దానికి దక్కుతాయి. జనం మొత్తంగా కట్టేది వంద నుంచి 98కి తగ్గింది. కానీ యూనిట్ ధర రూపాయి నుంచి రూపాయీ మూడు పైసలయింది. పొదుపు చేసినవాడి బిల్లు తగ్గింది, చేయలేనివాడి బిల్లు పెరిగింది. ఆ చేయలేనివాళ్ళు ఎవరు? అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళు, పాత సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్‌తో నెట్టుకొచ్చేవాళ్ళు. ఈ మాట ఎవరైనా లేవనెత్తితే పొదుపు పక్షం వాళ్ళు మొత్తం బిల్లు తగ్గిందిగా అని దాటేస్తారు. నాకది నచ్చదు. డీకప్లింగ్ పెట్టే చోట పొదుపు నిధిలో పెద్ద భాగం ముందు ఆ ఇళ్ళకే చేరాలి, అదీ రిబేట్ రూపంలో కాకుండా. రిబేట్ అంటే ముందు కొనగలిగినవాడికి తర్వాత దొరికే బహుమతి. పరికరం ఇంటికి తెచ్చి బిగించి, దాని ఖర్చుని బిల్లులో చిన్న వాయిదాలుగా, నెలనెలా మిగిలే మొత్తాన్ని మించకుండా రాబట్టుకోవడం మేలు.

లెక్క తిరగబడే సందర్భం కూడా ఒకటుంది. కొన్ని వర్గాలకి కరెంటు కొన్న ధర కంటే తక్కువకో, ఉచితంగానో ఇచ్చే చోట, ఆ వర్గం ఆదా చేసే ప్రతి యూనిట్ సంస్థకి లాభమే. ఆ భారం మోసే పరిశ్రమలూ వ్యాపారాలూ ఆదా చేస్తే మాత్రం రెట్టింపు దెబ్బ. ఒకే సంస్థ ఒకవైపు పొలంలో పాత పంపుసెట్టు తీసి కొత్తది పెట్టడానికి సంతోషంగా ముందుకొస్తుంది, ఇంకోవైపు పెద్ద హోటల్ తన ఏసీ వ్యవస్థని మార్చుకుంటానంటే మౌనంగా ఉంటుంది. పైగా పొలంలో పంపు వాడేవాడికి కరెంటు ఉచితమైతే సామర్థ్యం గురించి పట్టింపు ఉండదు, మిగిలిన గంటల్లో ఇంకాస్త నీళ్ళు తోడుకుంటాడు. అక్కడ పంపు మార్చడం ఒక్కటే సరిపోదు, మిగిల్చిన యూనిట్లో కొంత రైతుకి డబ్బుగా తిరిగొచ్చే ఏర్పాటు కూడా ఉండాలి. సబ్సిడీ ఎత్తేయమనడం లేదు, ఆ సబ్సిడీనే పొదుపుకి ఉపయోగపడేలా మళ్ళించమంటున్నాను.

కొలిస్తే ఏం తేలింది

పొదుపు పక్షాన మాట్లాడేవాళ్ళు చదివి తీరాల్సిన రెండు అధ్యయనాలున్నాయి, అవి మనకి ఇబ్బందికరమైనవి కాబట్టే. అమెరికాలోని మిచిగన్‌లో సుమారు 30,000 ఇళ్ళ మీద ముగ్గురు ఆర్థికవేత్తలు (ఫౌలీ, గ్రీన్‌స్టోన్, వుల్‌ఫ్రామ్) చేసిన అధ్యయనం 2018లో అచ్చయింది. పేదల ఇళ్ళకి చలి లోపలికి రాకుండా ఉచితంగా ఇన్సులేషన్ వేసి, ఇల్లు వెచ్చబరిచే పాత ఫర్నేసులు మార్చే ప్రభుత్వ పథకం అది. ఇంజనీర్ల మోడల్ చెప్పిన ఆదాలో నిజంగా వచ్చింది మూడో వంతు కంటే తక్కువే. అందులో నన్ను ఎక్కువగా ఆపింది ఇంకో వివరం. ఒక్కో ఇంటికి సుమారు 5,000 డాలర్ల పని పూర్తిగా ఉచితంగా చేస్తామని, ఇంటింటికీ మనుషుల్ని పంపి, పదేపదే ఫోన్లు చేసి, ఫారాలు నింపడంలో సాయం చేసి ఒప్పించినా చేరినవాళ్ళు ఆరు శాతం దాటలేదు. ఉచితమన్నా రాలేదు! ఇన్ని కాగితాలు ఎవరు పట్టుకురాగలరు, ఇంట్లోకి ముక్కూ మొహం తెలియని మనుషుల్ని ఎన్నిసార్లు రానిస్తారు. నివేదికల్లో ఇంతమంది చేరతారనుకుందాం అని రాసేవాళ్ళు ఈ ఆరు శాతాన్ని గోడకి అంటించుకోవాలి.

రెండోది మెక్సికోది. 2009 నుంచి 2012 దాకా 19 లక్షల ఇళ్ళలో పాత ఫ్రిజ్‌లూ ఏసీలూ మార్చడానికి అక్కడి ప్రభుత్వం సాయం చేసింది. తర్వాత కరెంటు బిల్లులు తీసి చూస్తే, ఫ్రిజ్ మార్చిన ఇళ్ళలో వాడకం ఎనిమిది శాతం తగ్గింది, ముందు వేసిన అంచనాలో అది నాలుగో వంతు. ఏసీ మార్చిన ఇళ్ళలో వాడకం పెరిగింది. కొత్త ఏసీ తక్కువ తాగుతుంది, కాబట్టి ఎక్కువసేపు వేసుకున్నారు. బొగ్గు వాడకం గురించి జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే హెచ్చరించింది ఇలాంటిదాన్నే. దీన్ని చూపించి పొదుపంతా వ్యర్థమనేవాళ్ళతో మాత్రం నేను ఏకీభవించను. ఎండల్లో ఉడికిపోయే ఇంట్లో వాళ్ళు ఇంకో రెండు గంటలు చల్లగా పడుకున్నారు. అది మేలే, కానీ ఆ మేలుని విద్యుత్ కేంద్రానికి బదులుగా లెక్కగట్టకూడదు. రెండు ఖాతాలూ వేరు.

బ్రిటన్‌లో 2008లో మొదలైన పథకంలో ఇంధన సంస్థలకి పొదుపు లక్ష్యాలు పెట్టారు. లక్ష్యం చేరడానికి అన్నిటికంటే చవకైన దారి వాళ్ళు కనిపెట్టారు: సీఎఫ్ఎల్ బల్బులు అడగకపోయినా కోట్ల కొద్దీ ఇళ్ళకి పోస్టులో పంపేయడం. బల్బు పంపితే ఆదా అయినట్టే లెక్క. అది హోల్డర్‌లో ఉందా, డ్రాయర్‌లో ఉందా ఎవరు చూడొచ్చారు? చివరికి 2010 నుంచి పోస్టు బల్బుల్ని లెక్కలోకి తీసుకోవడం ఆపేశారు. ఈ మూడు కథల్లోనూ నాకు కనబడేది ఒకటే, దేన్ని లెక్కపెడితే సంస్థ దాన్నే తయారు చేసి ఇస్తుంది. పంచిన బల్బులు లెక్కపెడితే పంచిన బల్బులే వస్తాయి.

అలాగని కొలత ఎప్పుడూ నిరాశే మిగల్చదు. ఇరుగుపొరుగు ఇళ్ళతో పోల్చి మీ వాడకం ఇంత అని చెప్పే ఉత్తరాలు పంపించి, పంపని ఇళ్ళతో సరిపోల్చి చూసిన ప్రయోగం ఒకటి అమెరికాలో లక్షల ఇళ్ళ మీద జరిగింది. సగటున రెండు శాతం తగ్గింది. చిన్న అంకే, కానీ ఖర్చు కాగితమంత, పైగా ఆ రెండు నిజమైన రెండు. మోడల్‌లో ఉండే ఇరవై కంటే మీటర్ మీద తేలిన రెండు నాకు ముద్దు, ఎందుకంటే దాన్ని డిమాండ్ అంచనాలోంచి ధైర్యంగా తీసివేయొచ్చు. ఇప్పుడు స్మార్ట్ మీటర్లు గంట గంటకీ లెక్క చెబుతున్నాయి, పథకంలో చేరిన ఇళ్ళని చేరని ఇళ్ళతో పోల్చి చూడటం పదేళ్ళ కిందటంత కష్టం కాదు. సంస్థకిచ్చే ప్రోత్సాహకం ఆ కొలతకి ముడిపెట్టాలి, అంచనాకి కాదు.

సబ్‌స్టేషన్ ఆపిన చోట్లు ఉన్నాయి

మళ్ళీ ఆ అధికారి ప్రశ్న దగ్గరికి వస్తాను, పొదుపుని నమ్ముకుని సబ్‌స్టేషన్ ఆపగలమా అని. న్యూయార్క్‌లో ఆపారు. బ్రూక్లిన్, క్వీన్స్‌లలో కొన్ని పేటలకి లోడ్ పెరిగిపోయి కొత్త సబ్‌స్టేషన్ అవసరమొచ్చింది, ఖర్చు వంద కోట్ల డాలర్లకి పైనే. 2014లో అక్కడి నియంత్రణ మండలి కాన్ ఎడిసన్ అనే విద్యుత్ సంస్థకి ఇంకో దారి అనుమతించింది. 20 కోట్ల డాలర్లతో ఆ పేటల్లోనే పీక్ లోడ్‌ని, అంటే వాడకం గరిష్ఠంగా ఉండే వేళ లోడ్‌ని, సుమారు 52 మెగావాట్లు తగ్గించమంది, ఎక్కువ భాగం వినియోగదారుల వైపే. చిన్న చిన్న షాపుల్లో లైట్లు మార్చారు, అపార్ట్‌మెంట్లలో పరికరాలు మార్చారు, కొన్నిచోట్ల బ్యాటరీలు పెట్టారు. సబ్‌స్టేషన్ వాయిదా పడింది. అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఏమిటంటే, ఆ ఖర్చు మీద సంస్థకి సబ్‌స్టేషన్ కట్టినట్టే రాబడి ఇచ్చారు, అనుకున్నది సాధిస్తే పైన కొంత ప్రోత్సాహకం కూడా. ఆ షరతు లేకపోతే ఆ సంస్థ ఎందుకు ముందుకొచ్చేది? కట్టడం మీద లాభం వస్తూ, కట్టకుండా ఆపడం మీద ఏమీ రాకపోతే ఎవరైనా కట్టడానికే మొగ్గుతారు.

ఈ ఉదాహరణలో ఇంజనీరింగ్ విషయం కూడా ఒకటుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. తీగల్లో పారే కరెంటు రెట్టింపయితే అక్కడ జరిగే నష్టం నాలుగింతలవుతుంది. అంటే లోడ్ నిండుగా ఉన్న సాయంత్రం వేళ చివరగా చేరే యూనిట్ వల్ల జరిగే నష్టం, ఆ గంట సగటు నష్టానికి దాదాపు రెట్టింపు. అదే వేళ ఇంట్లో ఆదా చేసిన ఒక్క యూనిట్, కేంద్రం దగ్గర ఒక యూనిట్ కంటే బాగా ఎక్కువే మిగులుస్తుంది. కాబట్టి ఎన్ని యూనిట్లు ఆదా అయ్యాయి అన్నదానితో పాటు ఏ గంటలో, ఏ ఫీడర్ మీద (సబ్‌స్టేషన్ నుంచి ఒక ప్రాంతానికి కరెంటు తెచ్చే లైన్ మీద) అన్నది కూడా అడగాలి. నిండిపోయిన ఫీడర్ మీద వెయ్యి యూనిట్లు ఖాళీ ఫీడర్ మీద వెయ్యి యూనిట్లతో సమానం కావు.

ఇక డిమాండ్ అంచనాల్నే ఎక్కువ నమ్మేవాళ్ళకి అమెరికా వాయవ్య ప్రాంతపు అనుభవం చూపిస్తాను. 1970ల్లో అక్కడ డిమాండ్ ఏటా ఏడు శాతం చొప్పున పెరుగుతుందనుకుని, వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్రభుత్వ సంస్థ ఒకటి అయిదు అణు విద్యుత్ కేంద్రాలు మొదలుపెట్టింది. డిమాండ్ రాలేదు, ఖర్చు ఎన్నో రెట్లయింది, పూర్తయింది ఒక్కటే. 1983లో ఆ సంస్థ 225 కోట్ల డాలర్ల బాండ్ల అప్పు తీర్చలేక చేతులెత్తేసింది. అప్పటికే, 1980లో చేసిన చట్టం, ఆ ప్రాంతంలో కొత్త కరెంటు అవసరం తీర్చడానికి మొదటి ప్రాధాన్యం పొదుపుకే ఇవ్వాలంది, దాని ఖర్చు వేరే దారి కంటే పది శాతం దాకా ఎక్కువైనా పొదుపునే ఎంచుకునే వెసులుబాటు కూడా ఇచ్చింది. అక్కడి ప్లానింగ్ కౌన్సిల్ అప్పటినుంచీ పొదుపుని కేంద్రాల పక్కనే పట్టికలో పెట్టి లెక్కేస్తోంది. ఇవాళ జలవిద్యుత్ తర్వాత ఆ ప్రాంతపు రెండో పెద్ద వనరు పొదుపే. పొదుపు వస్తుందో రాదో తెలియదు అనేవాళ్ళు, డిమాండ్ వస్తుందో రాదో తెలియక మునిగిన ఈ కేంద్రాల గురించి కూడా ఆలోచించాలి. పొదుపులో పొరపాటు జరిగితే కొన్ని వేల బల్బుల దగ్గర ఆపేయొచ్చు, సగం కట్టిన రియాక్టర్‌ని అలా ఆపలేం.

ఎవరికి అప్పగించాలి

ఇన్ని చెప్పాక కూడా సంస్థకే ఈ పని ఇవ్వాలా అన్న అనుమానం నాకుంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జరిగింది తలుచుకుంటే మరీ. 2019లో అక్కడ ఒక చట్టం రెండు అణు కేంద్రాలకి జనం డబ్బు మళ్ళించింది, అదే దెబ్బతో విద్యుత్ సంస్థల మీద ఉన్న పొదుపు లక్ష్యాల్ని చంపేసింది. ఆ చట్టం వెనక ఫస్ట్‌ఎనర్జీ అనే విద్యుత్ సంస్థ నుంచి వచ్చిన సుమారు 6 కోట్ల డాలర్లున్నాయని తేలి, ఆ రాష్ట్ర ప్రతినిధుల సభ స్పీకర్‌గా ఉన్న లారీ హౌస్‌హోల్డర్‌కి 2023లో ఇరవై ఏళ్ళ జైలు శిక్ష పడింది.

అమెరికాలోనే వెర్మాంట్ రాష్ట్రం 2000లో వేరే దారి తొక్కింది. బిల్లులో చిన్న చార్జీ వసూలు చేసి, పొదుపు పని మాత్రమే చేసే ప్రత్యేక సంస్థకి ఇచ్చింది. దానికి అమ్మడానికి కరెంటు లేదు కాబట్టి రెండు మనసులుండవు. భారత్‌లో ప్రభుత్వ విద్యుత్ సంస్థలు కలిసి పెట్టిన ఈఈఎస్ఎల్ ఇంకో నమూనా. ఎల్‌ఈడీ బల్బుల్ని పెద్ద మొత్తంలో టెండర్లు పిలిచి కొనడంతో 2014లో 310 రూపాయలున్న కొనుగోలు ధర రెండేళ్ళలో 38కి పడింది, 36 కోట్లకి పైగా బల్బులు ఇళ్ళకి చేరాయి. ఆ ధర తగ్గాక పథకంతో సంబంధం లేనివాళ్ళు కూడా షాపులో ఎల్‌ఈడీనే కొన్నారు. అది ఏ సంస్థ ఖాతాలోనూ పడని ఆదా, కానీ పెద్ద ఆదా.

అందుకని నా వరస ఇలా ఉంటుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గరే పరికరాన్ని మార్చగలిగితే, అంటే ప్రమాణాలతో, టోకు కొనుగోళ్ళతో అయితే, అది ముందు. దానికి ఎవరి ఇంటి తలుపూ తట్టక్కర్లేదు, ఆ ఆరు శాతం సమస్యే రాదు. ఇంటింటి రిబేట్లు చివర. విద్యుత్ సంస్థ చేతికి నేనిచ్చేది దానికి మాత్రమే చేతనయ్యే పని: ఏ ఫీడర్ నిండింది, ఏ గంటకి నిండింది అన్నది దానికే తెలుసు, అక్కడ లోడ్ తగ్గించే పనిని కట్టడంతో సమానంగా లాభమిచ్చి చేయించాలి. ఒకటి మాత్రం ఒప్పుకోను. అమ్మకాలు తగ్గే భయానికి సంస్థలు కోరే తేలిక మందు ఫిక్స్‌డ్ చార్జీ పెంచడం. వాడినా వాడకపోయినా అంతే కట్టాలంటే సంస్థ రాబడి భద్రమే, కానీ పొదుపు చేసినవాడికి మిగిలేదేం ఉంటుంది? తక్కువ వాడే చిన్న ఇళ్ళ మీదే ఆ భారం ఎక్కువ పడుతుంది కూడా.

ఇక ముందున్న పరీక్ష వేరేది. విద్యుత్ వాహనాలు, కరెంటుతో ఇల్లు వెచ్చబరిచే హీట్ పంపులు, డేటా సెంటర్లు వచ్చి అమ్మకాలు మళ్ళీ పెరిగే రోజులివి. పెట్రోలు బదులు కరెంటు వాడటం మొత్తంగా ఇంధన పొదుపే, కాబట్టి యూనిట్లు పెరగడం తప్పేమీ కాదు, ఆ కారు పీక్ అవర్‌లో కాకుండా అర్ధరాత్రి చార్జ్ అయితే చాలు. కానీ డీకప్లింగ్ రెండు వైపులా పనిచేస్తుందని గుర్తుంచుకోవాలి. అమ్మకాలు పడిపోయే రోజుల్లో అది సంస్థల్ని కాపాడింది, పెరిగే రోజుల్లో అదనపు రాబడిని జనానికి తిరిగిమ్మంటుంది. ఇన్నాళ్ళూ దాని నీడన ఉన్న సంస్థలు ఇప్పుడు దాని అవసరం తీరిపోయిందని నియంత్రణ మండళ్ళ దగ్గరికి వస్తాయి. తక్కువ అమ్మకాల నష్టాన్ని భరించిన జనానికి ఎక్కువ అమ్మకాల లాభంలో వాటా ఇవ్వకుండా ఆ నిబంధన ఎత్తేయడానికి మండళ్ళు ఒప్పుకోకూడదు.